శవం లేని చోట శోకం

మా వీధి చివర టీ బడ్డీ దగ్గర బెంగాలీ బాబులు ఒక పాట గురించి ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు. డెబ్భై తొమ్మిదిలో దుర్గా పూజలకు వచ్చిన రికార్డులో ఆ పెద్ద గాయని పాడిందే అసలని ముసలివాళ్ళు అంటారు. తొంభై అయిదులో ఒక క్యాసెట్ కంపెనీ కొత్త కుర్రాడి చేత రీమేక్ చేయించింది. తబలా తీసేసి డ్రమ్ములు పెట్టారు. అదే బాగుందని నడివయసు వాళ్ళు అంటారు. రెండువేల రెండులో కాలేజీ పిల్లలు బ్యాండు కట్టి గిటార్లతో అరిచి పాడింది కుర్రకారుకు వేదం. ఒరిజినల్‌ను మించింది లేదని ఒకరు, నకలే అసలును దాటేసిందని ఇంకొకరు. బడికి పోతూ ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. మీరు చెప్పే ఒరిజినల్ కూడా నకలేరా నాయనలారా! అసలుది పాటే కాదు. అది మా అమ్మ ఏడుపు.

మా అమ్మ పేరు దాలమ్మ. మా తాతల కాలంలోనే మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి హౌరా బండెక్కి వచ్చి ఈ కలకత్తా వీధులు ఊడ్చే పనిలో కుదిరారు. నాన్న మల్లేశుది మురుగు కాలవల పని. నార్కేల్‌డాంగా వెనక మున్సిపాలిటీ క్వార్టర్లలో గదికొక కుటుంబం, అందరికీ కలిపి నాలుగు కొళాయిలు. నేను, నాగేశ్వరిని, ఆ ఇళ్ళలో చీపురు పట్టకుండా తప్పించుకున్న కొద్దిమందిలో ఒకదాన్ని. సంఘం వాళ్ళు నడిపే రెండు గదుల తెలుగు బడిలో పంతులమ్మను. అక్షరాలు దిద్దమంటే బెంగాలీలో నవ్వుకునే పిల్లలకు తెలుగు చెప్పడం నా ఉద్యోగం. అది ఎంత బాగా సాగుతుందో అడక్కండి.

శోకం సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. మా వాళ్ళలో మనిషి పోతే ఊరికే కన్నీళ్ళు కార్చి ఊరుకోరు. శవం పక్కన కూర్చుని, పేరు పెట్టి పిలిచి, ఆ మనిషి బతికి చేసిన పనులన్నీ రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. అది అందరికీ చేతకాదు. వచ్చినవాళ్ళను కబురు పెట్టి పిలుస్తారు. మా అమ్మ శోకం పెడితే, బతికున్న రోజుల్లో ఆ చచ్చినవాడితో తగువులాడిన వాళ్ళు కూడా గోడకు తిరిగి ముక్కు చీదుకునేవారు. దానికి రెండు కట్టుబాట్లు. శవం లేని చోట శోకం పెట్టకూడదు, పెడితే ఆ ఏడ్చిన మనిషి ఇల్లు శవాన్ని అడుగుతుంది. శోకానికని బయల్దేరిన మనిషి ఏడవకుండా తిరిగి రాకూడదు, వస్తే ఆ శోకం వెంట వస్తుంది. అందుకే దీన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చావుల దగ్గర విని విని పట్టుకోవలసిందే.

డెబ్భై ఎనిమిది వరదల్లో కలకత్తా మునిగింది. నీళ్ళు తీసిన పదిహేను రోజులకు నాన్న కామెర్లు వచ్చి పోయాడు. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడు వెంకటేశుకు నాలుగు. ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అమ్మ ఏడ్చింది. ఆ రాగం అంతకు ముందు ఏ చావులోనూ వినలేదని పెద్దవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. నాకు మాత్రం నాన్న అరికాళ్ళు పసుపు రాసినట్టు ఉండటమే గుర్తుంది. రాగం గుర్తు లేదు. పన్నెండేళ్ళ పిల్ల ఏం వింటుంది, ఏం దాచుకుంటుంది!

మా క్వార్టర్లకు ఎదురు మేడలో హిరణ్మయ బాబు అని, పాటలకు బాణీలు కట్టే ఆయన ఉండేవాడు. అప్పటికింకా పేరు లేదు. ఆయన కిటికీలోంచి అదంతా విన్నాడట. నాన్న పన్నెండో రోజు దాటాక మా గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. అమ్మకు వచ్చిన బెంగాలీ చెత్తకూ చీపురుకూ సరిపోయేంతే. ఆయన మాట్లాడేది పుస్తకాల బెంగాలీ. మధ్యలో నేను నిలబడ్డాను, బెంగాలీ బడిలో ఆరో క్లాసు చదువుతున్నానని గర్వం కూడాను.

“మీ అమ్మను ఆ రోజు పాడింది మళ్ళీ ఒకసారి పాడమని చెప్పమ్మా. మిషన్లో పట్టుకుంటాం. టాక్సీలో తీసుకెళ్ళి టాక్సీలోనే దింపుతాను” అన్నాడు బాబు.

ఉన్నది ఉన్నట్టు అమ్మకు చెప్పాను. అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“నానేటి పాటలు పాడీదాన్నా? శవం నేకండా శోకమెట్టకూడదని సెప్పు ఆ బావుకి.”

ఆ మాట నేను బాబుకు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక టాక్సీ ఎక్కలేదు నేను. మా క్వార్టర్లలో ఏ పిల్లా ఎక్కలేదు. ఒక్కసారి ఎక్కి వస్తే కొళాయి దగ్గర నెల రోజులు చెప్పుకోవచ్చు. నా నోట్లోంచి అబద్ధం వచ్చినప్పుడు అది నాకే వింతగా వినబడింది.

“శవం ఉందంటమ్మా. బావోల్లమ్మ సచ్చిపోనాదంట. ఏరే ఇంటికాడ ఉంచినారంట. నిన్ను శోకానికి పిలస్తన్నాడు.”

బాబు అదే సమయానికి రెండు చేతులూ జోడించాడు. కొడుకు దుఃఖం అనుకుంది అమ్మ. మొగుడు పోయిన మనిషి పండక్కి పోకూడదు గానీ చావుకు పోవచ్చు. జుట్టు విరబోసుకుని, తమ్ముడిని పక్కింట్లో దింపి, టాక్సీ ఎక్కింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా నా సంతోషం నాది.

టాలీగంజ్‌లో స్టూడియో అది. గోడలకు గోనెలు అంటించిన గది, మధ్యలో ఒక కుర్చీ, దాని ముందు ఇనప కమ్మీకి వేలాడుతూ ఒక మైకు. అమ్మ గది నాలుగు మూలలూ చూసింది.

“శవమేదే?” అంది.

నేను నేలచూపులు చూశాను. అమ్మకు అర్థమైపోయింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, కొట్టలేదు. కొట్టి ఏం లాభం? ఏడిస్తే ఇల్లు శవాన్ని అడుగుతుంది, ఏడవకుండా పోతే శోకం వెంట వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. టాక్సీ మోజులో నేను మా అమ్మను తెచ్చి ఆ రెంటి మధ్య నిలబెట్టాను. అమ్మ కుర్చీ పక్కకు జరిపి నేల మీద కూర్చుంది. నన్ను బయటకు పంపి తలుపేశారు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఎవరో నా చేతిలో మిఠాయి అని రెండు సందేశ్‌లు పెట్టారు. తిన్నాను. లోపల అమ్మ ఏమని ఏడ్చిందో, ఎవరి పేరు పెట్టి ఏడ్చిందో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

తిరుగు టాక్సీలో అమ్మ ఒక్కటే మాట అంది. “కాల్లు కడుక్కుని లోనకి రా.”

ఆరు నెలలకు వెంకటేశు పోయాడు. మెదడువాపు జ్వరం. సోమవారం బడి అరుగు మీద గోళీలాడాడు, గురువారానికి లేడు. వాడి శవం దగ్గర అమ్మ శోకం పెట్టలేదు. “ఏడవే దాలమ్మా, గుండె పగిలిపోద్ది” అని ఆడవాళ్ళు వీపు మీద చరిచారు. నోరు తెరవలేదు. వాడి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళలో ఎవరి చావుకు పిలిచినా పోలేదు. పిలవడం కూడా మానేశారు.

నన్ను ఒక్క మాట అనలేదు మా అమ్మ. తిట్టి ఉంటే, నువ్వు కడుపున చెడబుట్టావే అని ఉంటే, నేను ఏడ్చి కాళ్ళు పట్టుకుని ఉండేదాన్ని. ఆవిడ మామూలుగానే అన్నం పెట్టింది, జడ వేసింది, బడికి పంపింది. తమ్ముడిని చంపింది నేనని నాకు తెలుసు, ఆవిడకు తెలుసని తెలుసు. ఆ మాట మా మధ్య ఎవరూ ఎత్తలేదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకు అమ్మను చూసుకోవాలి గదా అని చెబుతుంటాను. నిజానికి నాకు పిల్లలంటే భయం.

ఈ ఊళ్ళో పూజలకు కొత్త బట్టలతోపాటు కొత్త పాటలు కూడా రావాలి. తమ్ముడు పోయిన ఏడాదే పూజలకు హిరణ్మయ బాబు పాట వచ్చింది. పడవ కోసం రేవులో ఎదురుచూసే పడుచు పిల్ల పాట, గజ్జెలూ తబలా హుషారుగా. షష్ఠి పొద్దున్న, పూజ చేయించే వీధి క్లబ్బు వాళ్ళు మైకులో వేశారు. అమ్మ బియ్యం ఏరుతోంది. పాట మొదలైన కాసేపటికి చేట కింద పెట్టి, లేచి తలుపేసి, దూది తీసి చెవుల్లో పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు ఆ రాగం ఏమిటో. ఐదు రోజులు మైకు ఆగలేదు. మా క్వార్టర్ల కుర్రాళ్ళు కూడా ధూపం పట్టుకుని ఆ పాటకు ఎగిరారు.

బాబు పేరు మోగిపోయింది. మేడ అమ్మి సాల్ట్ లేక్‌లో ఇల్లు కట్టుకున్నాడు. చెడ్డవాడని అనలేను, ఏటా పూజలకు అమ్మకు చీర పంపేవాడు. అమ్మ దాన్ని విప్పకుండానే కొళాయి దగ్గర ముందు కనబడిన ఆడదాని చేతిలో పెట్టేసేది. రికార్డు అట్ట మీద జానపద బాణీ అని అచ్చు వేశారట. జానపదమట! ఆ జానపదం రోజూ తెల్లారగట్ల లేచి వాళ్ళ వీధే ఊడుస్తోంది, అడిగితే పేరు చెప్పేది.

ఏళ్ళు గడిచాయి. పాట రీమేకయింది, మళ్ళీ రీమేకయింది. ప్రతిసారీ అమ్మ చెవుల్లోకి దూది వెళ్ళింది.

రెండువేల మూడు ఎండాకాలంలో అమ్మ కడుపులో కాన్సరు కాయ ఉందన్నారు డాక్టర్లు. ముదిరిపోయిందన్నారు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమన్నారు. ఒక పొద్దున్న గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకు తోసింది.

“నాగేస్వరీ, నన్ను ఏడవకండా అట్టుకుపోతారేటే?”

“అదేటమ్మా! నానేడవనా?”

“కన్నీల్లు కారిస్తే ఏడుపవ్వదు. శోకమెట్టాల. నీకు రాదు.”

“నేర్పు మరి.”

“పేనమున్న కొంపలో నేర్పుతారేటి, పిచ్చిదానా?” అని కళ్ళు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ తెరిచింది. “ఎంతమందికి ఏడ్సినాను! దిక్కూ మొక్కూ నేనోడిక్కూడా పేరెట్టి ఏడ్సినాను. నాకొక్కత్తి నేదు. నాను దాలమ్మనని, ఇలగ బతికినానని సెప్పీది నేకండా మట్టిలో కలిసిపోతాను.”

మా అమ్మ నన్ను జన్మలో ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే, అది నా చేతిలో లేదు. శోకం వచ్చిన పాతవాళ్ళంతా పోయారు. మిగిలింది ఒక్క మహాలక్ష్మమ్మ, ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చావులకు వెళ్ళి నేర్చుకుందామంటే ఇప్పుడు ఎవరూ రాగం తీయరు. గంటలో బండి పిలిచి పంపించేస్తున్నారు. ఆ రాత్రంతా ఆలోచిస్తే ఒకటే దారి కనబడింది. అమ్మ గొంతు ఒకచోట ఉంది. టాలీగంజ్‌లో పట్టిన మిషన్లో.

హిరణ్మయ బాబు పోయి నాలుగేళ్ళయిందట. కొడుకు దీప్తేన్ సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం నాడు సాల్ట్ లేక్ ఇంటికి వెళ్ళి నేనెవరినో చెబితే లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టాడు. “ఆ పాటకు తల్లి ఎవరో తెలుగావిడ అని నాన్న అంటుండేవాడు” అన్నాడు. తండ్రి టేపులన్నీ బీరువాలో వరసగా పెట్టుకున్నాడు. ఒక డబ్బా మీద బెంగాలీలో ‘తెలుగు స్త్రీ, శోకం, 1978’ అని రాసి ఉంది. పేరు లేదు. టేపు మిషన్‌కు ఎక్కించి మీట నొక్కాడు.

ముందు కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. తర్వాత దగ్గు. తర్వాత మా అమ్మ, ముప్ఫై ఏళ్ళ మా అమ్మ.

“ఓలమ్మ, ఓ దాలమ్మా, ఏ దారినెల్లిపోనావే తల్లీ! కోడి కుయ్యక ముందు సీపురట్టినావే, ఊరందరి వాకిలీ ఊడ్సినావే, నీ వాకిలి ఊడ్సీవోల్లేరే తల్లీ! మొగుడెనకాలే నడిసిపోనావా, సిన్న గుంటల్నెవులికప్పగించినావే...”

నాకు ముందు తెలియలేదు. రెండోసారి పేరు వచ్చినప్పుడు తెలిసింది. అమ్మ తన పేరే పెట్టుకుని ఏడుస్తోంది. శోకానికి ఒక పేరు కావాలి. ఇల్లు శవాన్ని అడిగితే తననే అడగాలని తన పేరే ఇచ్చింది. టేపు చివర్లో రాగం మారింది. “పెద్ద గుంటకి తెల్దు, సిన్నది, దాని మీద కోపమెట్టుకోకండి. నన్నట్టుకెల్లిపోండి, నా పిల్లల జోలికి రాకండి” అని ఎవరిని బతిమాలిందో, దేవుళ్ళనో ఇంటినో. నన్ను అప్పటికే, ఆ గదిలోనే వెనకేసుకొచ్చింది. నేను బయట సందేశ్‌లు తింటున్నాను.

ఆ సోఫాలో కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. దీప్తేన్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఏమని పాడుతున్నారని అడిగాడు. “తను చచ్చిపోయినట్టు తనే ఏడుస్తోంది” అన్నాను. చాలా ఇంటరెస్టింగ్ అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది, వేరే మాట దొరికి ఉండదు. క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చి బస్‌స్టాపు దాకా వచ్చి దింపాడు.

క్యాసెట్ వచ్చింది గానీ పాడి నేర్చుకునేది ఎక్కడ? ఇంట్లో కుదరదు. బడిలో పిల్లలు. ప్రాణమున్న ఏ కప్పు కిందా నోరెత్తడానికి లేదు. మూడు రోజులు ఆలోచించి నదొడ్డున శవాలు కాల్చే నిమతలా ఘాట్‌కు వెళ్ళాను. అక్కడ శవం లేని గడియ ఉండదు. ఎవరిదో ఒకరిది కట్టెల మీదో, వంతు కోసం వరసలోనో ఉంటుంది. శవం ఉన్న చోట శోకం పెడితే తప్పు లేదు. బడి వదిలాక సాయంత్రాలూ ఆదివారాలూ అక్కడికి పోయి, చెవుల్లో వాక్‌మన్ తీగలు పెట్టుకుని, ఎవరిదో శవానికి కాస్త దూరంగా కూర్చుని గొంతు కలిపేదాన్ని. దాలమ్మా, దాలమ్మా అని ఏడ్చేదాన్ని. చచ్చినవాళ్ళ బంధువులు నన్ను చూసి, ఈమెకు మనకంటే పెద్ద కష్టం వచ్చినట్టుందని మట్టి భాఁడ్‌లో టీ తెచ్చి ఇచ్చేవారు. కాటి పని చేసేవాళ్ళకు కొన్నాళ్ళకు అలవాటైపోయాను. ఒకాయన నా కోసం మెట్టు మీద బూడిద తుడిచి పెట్టేవాడు. తిరిగొచ్చే బస్సులో డ్రైవరు ఎఫ్ఎం పెట్టేవాడు. బ్యాండు వాళ్ళ పాట వస్తే, నా రాగం ఎక్కడ చెడిపోతుందోనని చెవులు మూసుకుని దిగేదాకా కూర్చునేదాన్ని.

రెండు నెలలకు పూర్తిగా వచ్చింది. ఎక్కడ ఊపిరి ఆపాలో, ఎక్కడ గొంతు విరగాలో అంతా. అప్పుడు అమ్మకు చెప్పాను. మధ్యాహ్నం పూట, నొప్పి కాస్త తగ్గి దిండుకు ఆనుకుని ఉంది.

“అమ్మా, నీ శోకం దొరికింది. మిషన్లో ఉన్నాది. విన్నాను.”

అమ్మ దిండు మీద తల తిప్పి నన్ను చూసింది.

“నీ పేరే ఎట్టుకున్నావు.”

“మరెవుల పేరెట్టమన్నావు? నీ పేరెట్టమన్నావా?” అంది. తర్వాత గోడ వైపు తిరిగింది. “నన్నడగమన్నాను. అడగనేదు. గుంటడినట్టుకుపోనాది.”

“తప్పు నాదమ్మా. టాక్సీ ఎక్కాలని అబద్దమాడినాను.”

“తెలుసు.”

అంతే. ఇరవై నాలుగేళ్ళ తర్వాత నేను చెప్పుకున్నదానికి అమ్మ ఇచ్చిన జవాబు అదే. పరవాలేదని అనలేదు, నేనూ అడగలేదు. ఆవిడ చేత్తో తడుముకుంటూ నా చెయ్యి అందుకుంది.

“వచ్చిందేటి నీకు?”

“వచ్చింది.”

“అంతా?”

“అంతా వచ్చిందమ్మా.”

“ఐతే బాగుంది” అంది. ఆ పూట అడిగి మరీ రెండు గరిటెల గంజి తాగింది. నేను పుట్టాక మా అమ్మ మొహంలో అంత నిశ్చింత చూసింది ఆ ఒక్క రోజే. ఒక్క పనైనా సరిగ్గా చెయ్యబోతున్నానని నాకూ అనిపించింది.

భాద్రపదంలో ఒక బుధవారం పది గంటల వేళ అమ్మ పోయింది. స్నానం చేయించి వరండాలో చాప మీద పడుకోబెట్టాం. క్వార్టర్లన్నీ కదిలి వచ్చాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, క్లబ్బు కుర్రాళ్ళు, సెలవిచ్చేశారని నా బడి పిల్లలు. కుల పెద్ద భార్య గురవమ్మ పనులన్నీ చేయిస్తోంది. నాన్నతో కాలవల్లో దిగిన సూరన్న మావ, డెబ్భై దాటినవాడు, కర్ర ఆనించుకుని స్తంభం దగ్గర కూర్చున్నాడు. నేను జుట్టు విప్పుకుని అమ్మ తల దగ్గర కూర్చున్నాను. చెయ్యి అమ్మ గుండె మీద వేశాను. మొదలుపెట్టాను.

“ఓలమ్మ, ఓ దాలమ్మా, ఏ దారినెల్లిపోనావే తల్లీ...”

తప్పు పోలేదు. గొంతు వణకలేదు. అచ్చంగా టేపులో ఉన్నట్టే వచ్చింది. జనం సద్దు మణిగింది. ఇన్నేళ్ళ తర్వాత మా వాకిట్లో శోకం లేచిందని, విన్నారని అనుకున్నాను. రెండో వరుస ఎత్తుకునేసరికి వెనక నుంచి ఎవరో సన్నగా కూనిరాగం కలిపారు. నా మూడో క్లాసు పిల్ల. పక్కింటి అప్పమ్మ మనవరాలు, మంచి గొంతు దానిది. పాట తెలిసినదే కదా అని కలిపింది. కలిపింది బెంగాలీలో. పడవ పాట. దాని పక్కనున్నవి రెండు అందుకున్నాయి. క్లబ్బు కుర్రాడొకడు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటున్నాడు. ఇంకొకడి వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. వాడికి కూడా తెలియదు వేస్తున్నట్టు.

గురవమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. “ఓలి, పంతులమ్మవి! అమ్మ శవం కాడ రేడియో పాటేటే? నలుగురూ నవ్వుతన్నారు.”

“పాట కాదు పిన్నీ! ఇది అమ్మదే. ఇదే అసలుది. ఆల్లే దీన్ని...”

“దుక్కానికి మతి సలించిపోనాది, అట్టుకోండర్రా.”

నేను సూరన్న మావ వైపు చూశాను. నాన్న పోయిన రోజు విన్నవాళ్ళలో బతికుండి నోరు విప్పగలిగింది ఆయనొక్కడే. “మావా, నువ్వు సెప్పు. నాన్నకి అమ్మ ఇలగే ఏడ్సింది గదా? నువ్వున్నావు గదా!” అన్నాను. మావ కళ్ళనిండా నీళ్ళే. అమ్మను చూశాడు, నన్ను చూశాడు. పాపం, నిజంగానే గుర్తు తెచ్చుకోడానికి చూశాడు.

“ఏడ్సింది గానీ అమ్మీ... ఎలగేడ్సిందో గేపకం నేదు. ఇది పూజల పాట నాగే ఉంది” అన్నాడు.

వాళ్ళను విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అదీ కుదరలేదు. పిల్లలు ఇంకా ఆపలేదు, నా గొంతు వాళ్ళ తాళంలో పడిపోయింది. నేను దాలమ్మా అని లాగాల్సిన చోట పడవ ఊగింది. నా చెవులకు నేనే ఆ గాయనిలా వినబడ్డాను. చప్పున నోరు మూసుకున్నాను. గురవమ్మ తన కొంగు తీసి నా మూతికి అడ్డం పెట్టింది. అప్పటికే దాని అవసరం లేదు.

బండి వచ్చింది. మొహాన నీళ్ళు చల్లుకుని ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. నలుగురు మగవాళ్ళు అమ్మను ఎత్తారు. మా అమ్మ ఎవరో, ఎలా బతికిందో ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. నిమతలాలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ పక్కన రెండు నెలలు ఆవిడ పేరు పెట్టి ఏడ్చాను, ఎవరూ కాదనలేదు. ఆవిడ పక్కన ఏడవలేకపోయాను.

అమ్మ పోయి ఏడేళ్ళయింది. నేనింకా ఏడవలేదు.